సంఘంలో యౌవనస్థులు నిలబడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చేయాలి

వచ్చే ఆదివారం ఆరాధన ముగిసి చివరి ఆమెన్ వినిపించగానే మీ మందిరం వెనక తలుపు దగ్గర నిలబడి చూడండి. పెద్దవాళ్లు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు, చిన్నపిల్లలు కుర్చీల మధ్య పరిగెడుతుంటారు, వీళ్లిద్దరి మధ్యలోంచి పదహారు పదిహేడేళ్ల కుర్రాడు ఒకడు బైబిల్ చంకలో పెట్టుకుని ఫోన్ వైపు చూస్తూ గోడ వారగా నడిచి రెండు నిమిషాల్లో బయటపడిపోతాడు. వాడికి పొగరు అని మనం అనేసుకుంటాం. అక్కడ తనతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరని వాడికి ముందే తెలుసు, అందరిలో ఒక్కడే నిలబడి కనిపించడం కన్నా వెళ్లిపోవడమే నయం అనుకుంటాడు, అంతే.

నేనూ అలాంటి కుర్రాణ్ణే. పందొమ్మిదేళ్లప్పుడు, అప్పటికే నాలుగేళ్లుగా వెళ్తున్న సంఘంలో ఒక పెద్దాయన నన్ను మా అన్న పేరు పెట్టి పిలిచారు, నేను సరిదిద్దలేదు, నవ్వి ఊరుకున్నాను. ఇక మానేద్దాం అనుకుంటున్న రోజుల్లో నన్ను ఆపింది పాటల పుస్తకాలు సర్దే ఒక ఆంటీ. ఆవిడ ఎప్పుడూ స్టేజీ ఎక్కిన మనిషి కాదు. ఒక ఆదివారం నన్ను ఆపి, "గురువారం లెక్కల పరీక్ష అన్నావు కదా, ఎలా రాశావు బాబూ?" అని అడిగారు. ఆ మాట నేను మూడు వారాల క్రితం ఎప్పుడో అన్నది. తర్వాత పుస్తకాలు సర్దడంలో సాయం చేస్తుంటే కనిపించింది, ఆవిడ సొంత పాటల పుస్తకం వెనక అట్ట లోపల పెన్సిల్‌తో నా పేరు, పరీక్ష తేదీ, దాని కింద ఇంకో ఆరేడుగురు పిల్లల పేర్లు.

అందుకే ఈ పని ఎలా మొదలుపెట్టాలని ఎవరు అడిగినా నేను ముందు ఆ అట్ట గురించే చెబుతాను. యౌవనస్థుల పరిచర్య అనగానే మనకు క్యాంపు, బ్యాండు, లైట్లు, పోటీలు గుర్తొస్తాయి. అవి తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఆ పిల్లలకు తోడుండే పెద్దవాళ్లను సిద్ధం చేయండి.

1. ఒక నోట్‌బుక్ తీసుకోండి

మీ సంఘానికి సంబంధించిన 13 నుంచి 25 ఏళ్ల వాళ్ల పేర్లన్నీ రాయండి. ప్రతివారం వచ్చేవాళ్లతో ఆగకండి, పండగలకే కనిపించేవాళ్లు, ఏడాదిగా రానివాళ్లు, ఇంట్లో ఎవరూ రాకపోయినా తామొక్కరే వచ్చేవాళ్లు, అందరి పేర్లూ ఉండాలి. ప్రతి పేరు ఎదురుగా, పోయిన నెలలో ఆ అమ్మాయితోనో అబ్బాయితోనో కనీసం ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడిన పెద్దవాళ్ల పేరు రాయండి. అమ్మానాన్నలు లెక్కలోకి రారు, పాస్టర్ గారు కూడా రారు. "వందనాలు బాబూ, బాగున్నావా" అని చేయి కలిపి ముందుకు వెళ్లిపోవడం కూడా ఈ లెక్కలోకి రాదు.

మేము ఇలా రాసినప్పుడు బాగా పాడే నలుగురి ఎదురుగా చోటు చాలనన్ని పేర్లు వచ్చాయి, మిగతా సగం మంది ఎదురుగా ఏమీ లేదు. ఆ ఖాళీలే మీ పని. ఈ నోట్‌బుక్‌లో పిల్లల సొంత విషయాలు రాయకండి, పేరు, పుట్టినరోజు, పరీక్ష తేదీ లాంటివి చాలు.

2. తోడుండే పెద్దవాళ్లను ఎంచుకోండి

గిటారు వాయించేవాళ్లు, సరదాగా మాట్లాడేవాళ్లే దీనికి పనికొస్తారని చాలామంది అనుకుంటారు. కావాల్సింది అది కాదు. చెప్పిన టైముకి వచ్చేవాళ్లు, విన్నది కడుపులో దాచుకునేవాళ్లు, పిల్లలు చెబుతుంటే మధ్యలో అందుకుని "మా రోజుల్లో అయితే" అని మొదలుపెట్టనివాళ్లు కావాలి. అరవై దాటినవాళ్లను వదిలేయకండి, తమ అమ్మానాన్నల దగ్గర నోరు విప్పని పిల్లలు కూడా తాతయ్యల వయసు వాళ్లతో తేలిగ్గా మాట్లాడతారు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో అతని విశ్వాసం ముందు ఎవరిలో ఉందో పేర్లతో చెప్పాడు, అవ్వ లోయి, తల్లి యునీకే. ఇద్దరూ ఇంట్లో మనుషులే. ఇంట్లో అలాంటి అవ్వ లేని పిల్లలకు సంఘమే ఆ అవ్వను ఇవ్వాలి.

ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు మించి అప్పగించకండి. ఆరుగురిని ఇస్తే ఎవరినీ గుర్తుపెట్టుకోలేరు. కనీసం రెండేళ్లు ఉంటామని ముందే మాట తీసుకోండి, ఎందుకంటే ఆరు నెలలు దగ్గరై తర్వాత మొహం చాటేసే పెద్దవాళ్లు అసలు రానివాళ్ల కంటే ఎక్కువ బాధపెడతారు. అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పండి, ఎవరిని తోడు పెడుతున్నారో వాళ్లకు తెలియాలి, వద్దంటే మార్చాలి.

3. మొదటి మీటింగ్ కన్నా ముందే భద్రత నియమాలు రాసి పెట్టండి

దీన్ని దాటేసి ముందుకు వెళ్లొద్దు. "మన సంఘంలో అలాంటివాళ్లు ఎవరున్నారండీ" అనే మాట ప్రతి సంఘంలోనూ వినిపిస్తుంది. పిల్లలకు హాని చేయాలనుకునే మనిషి నమ్మకం ఎక్కువగా, అడిగేవాళ్లు తక్కువగా ఉండే చోటునే వెతుక్కుంటాడు, సంఘం సరిగ్గా అలాంటి చోటే. అందుకే ఎవరి మీదా అనుమానం లేకపోయినా నియమం అందరికీ ఒకటే ఉండాలి, పాస్టర్ గారికి కూడా.

కొత్తగా చేరిన మనిషికి పిల్లల బాధ్యత వెంటనే ఇవ్వకండి, కొన్ని నెలలు ఆగండి, ఇంతకుముందున్న సంఘానికి ఫోన్ చేసి కనుక్కోండి, మీ దేశంలో నేర చరిత్ర చూసే పద్ధతి ఉంటే అది చేయించండి. పిల్లలు ఉన్న ఏ మీటింగ్‌లోనైనా ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఒక్కరితో విడిగా మాట్లాడాల్సి వస్తే మాటలు వినపడనంత దూరంలో, కానీ అందరికీ కనపడేలా కూర్చోవాలి, తలుపు తెరిచి ఉండాలి. పెద్దవాళ్లెవరూ ఒక పిల్లనో పిల్లాడినో ఒంటరిగా బండి మీదో కారులోనో ఎక్కించుకోకూడదు. మైనర్ పిల్లలకు వ్యక్తిగత మెసేజ్‌లు వద్దు, ఇద్దరు పెద్దవాళ్లు ఉన్న గ్రూపులోనే రాయాలి, రాత్రి పొద్దుపోయాక అదీ వద్దు. పిల్లలతో "ఈ విషయం ఇంట్లో చెప్పకు" అనే హక్కు సంఘంలో ఎవరికీ లేదు, ఈ ఒక్క మాట పిల్లలకే నేరుగా నేర్పండి.

ఒక పిల్ల వచ్చి తనకు ఎవరో హాని చేశారని చెబితే మీరు చేయాల్సింది చాలా తక్కువ, కానీ అది కచ్చితంగా చేయాలి. మొదట ప్రశాంతంగా వినండి. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు" అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఎందుకంటే మీరు చెప్పి తీరాలి. గుచ్చి గుచ్చి అడగకండి. వెంటనే పక్కకు వెళ్లి ఆమె వాడిన మాటల్నే తేదీ, సమయంతో సహా రాసుకోండి, తర్వాత మీ దేశ చట్టం ప్రకారం పోలీసులకో పిల్లల సంరక్షణ అధికారులకో తెలియజేయండి. పెద్దల మీటింగ్ పెట్టి మనమే విచారిద్దాం అనడం, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషిని పిలిచి ముందే చెప్పేయడం, క్షమించాలి కదా అని ఆ పిల్ల చేత అనిపించడం, ఈ మూడూ ఘోరమైన తప్పులు. విచారణ తేలేదాకా ఆ మనిషి పిల్లల దరిదాపుల్లో ఉండకూడదు, ఆయన ఎంత పెద్ద హోదాలో ఉన్నా సరే.

4. కొత్తగా వచ్చినవాళ్లతో మొదటి పది నిమిషాలు

కొత్త ముఖం కనిపించగానే నిలబెట్టి పేరు చెప్పించడం, చప్పట్లు కొట్టించడం మానేయండి. పదిహేనేళ్ల పిల్లకు రెండు వందల మంది తల తిప్పి చూడటం కన్నా పెద్ద టెన్షన్ ఉండదు. దాని బదులు, అదే వయసున్న ఒకరు పక్కన వచ్చి కూర్చుని, "తర్వాత పాటలు ఉంటాయి, నిలబడాలనిపిస్తే నిలబడు, తర్వాత కానుక పట్టుకుని వస్తారు, వేయకపోయినా ఎవరూ ఏమనుకోరు" అని మెల్లగా చెబితే సగం భయం పోతుంది.

జుట్టు గురించి, బట్టల గురించి, టాటూ గురించి మొదటి రోజు మాట రాకూడదు, ముందు వరుసలో కూర్చునే పెద్దవాళ్లకు ఈ సంగతి పాస్టర్ గారే ముందుగా చెవిన వేయాలి. "రక్షణ పొందావా, బాప్తిస్మం అయిందా" కూడా మొదటి ప్రశ్న కాదు. ఏం చదువుతున్నావు, ఎవరితో వచ్చావు, ఇవి చాలు. సన్నగా, లావుగా, నల్లగా, పెళ్లెప్పుడు, ఈ మాటలు మొదటి రోజే కాదు, ఎప్పుడూ వద్దు.

ఆ వారంలో ఒక్కసారి, ఒక్కసారే, వాళ్ల వయసు వాళ్ల చేత పలకరింపు పంపించండి. రోజూ వాక్యం ఫార్వర్డ్ చేస్తే నంబర్ బ్లాక్ చేస్తారు, అందులో వాళ్ల తప్పు లేదు.

5. ప్రశ్నలకు భయపడకండి

యేసుకు పన్నెండేళ్లప్పుడు మూడు రోజులు వెతికాక తల్లిదండ్రులకు ఆయన దేవాలయంలో దొరికాడు, బోధకుల మధ్య కూర్చుని వాళ్ల మాటలు వింటూ ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడని లూకా రాశాడు. ఆ బోధకులు "చిన్నపిల్లాడివి, వెళ్లి ఆడుకో" అనలేదు, కూర్చోనిచ్చారు. మన దగ్గర పన్నెండేళ్ల పిల్లాడు నోవహు ఓడలో అన్ని జంతువులు ఎలా పట్టాయని అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు.

వాళ్లు అడిగేవి పెద్ద ప్రశ్నలే. నా స్నేహితురాలు వేరే మతం, చాలా మంచి మనిషి, ఆమె సంగతేంటి? అంత ప్రార్థించినా నాన్న ఎందుకు చనిపోయారు? సైన్స్‌లో చెప్పేది, ఆదికాండంలో ఉన్నది ఎలా కలుస్తాయి? ప్రేమ, ఫోన్‌లో చూసే బూతు వీడియోలు, వాటిని మానలేక పడే సిగ్గు, ఇవన్నీ ఉంటాయి. పేరు రాయకుండా చీటీ వేసే ఒక పెట్టె పెట్టండి, నెలకోసారి తీసి అందరి ముందూ చదివి మాట్లాడండి. నవ్వొచ్చే చీటీని కూడా గౌరవంగానే చదవండి, ఒక్క చీటీని ఎగతాళి చేస్తే ఆ పెట్టెలో ఇంకెవరూ చీటీ వేయరు. జవాబు తెలియకపోతే "నాకు తెలీదు, చదివి వచ్చేవారం చెబుతాను" అనండి, వచ్చేవారం మర్చిపోకుండా చెప్పండి. జవాబు కన్నా మీరు గుర్తుపెట్టుకుని రావడమే వాళ్లకు ఎక్కువ గుర్తుండిపోతుంది.

వినడం ఎలాగో నేర్చుకోవాలంటే యాజకుడైన ఏలీని చూడండి. రాత్రి పడుకున్న ఆ ముసలాయన దగ్గరికి బాలుడైన సమూయేలు మూడుసార్లు పరిగెత్తుకొచ్చి "పిలిచావా" అంటాడు, ఏలీ విసుక్కోకుండా మూడుసార్లూ సమాధానం చెబుతాడు, మూడోసారికి పిలుస్తున్నది దేవుడని తనకే అర్థమై, ఏమని జవాబు చెప్పాలో నేర్పి పంపిస్తాడు. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది తెల్లారాక జరిగింది. ఆ రాత్రి దేవుడు సమూయేలుకు చెప్పింది ఏలీ ఇంటి మీద తీర్పు. దాన్ని ఏమీ దాచకుండా చెప్పమని ఏలీయే అడిగాడు, విన్నాడు, ఒప్పుకున్నాడు. మీ సంఘంలో పిల్లలు పెద్దల తప్పు ఎత్తిచూపితే అలా వినగలరా అని మీ పెద్దల కమిటీలో ఒకసారి అడిగి చూడండి.

అపొస్తలుల కార్యములు 23లో ఇంకో కుర్రాడు ఉన్నాడు, పౌలు మేనల్లుడు, పేరు కూడా రాయలేదు. నలభై మందికి పైగా పౌలును చంపడానికి ఒట్టు పెట్టుకున్నారని విని కోటలోకి వచ్చి చెప్పాడు. సహస్రాధిపతి ఆ కుర్రాడి చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి ఏం చెప్పాలనుకుంటున్నావని అడిగాడు, విని నమ్మి, ఆ రాత్రే 200 మంది సైనికులను, 70 మంది గుర్రపు రౌతులను, 200 మంది ఈటెలవాళ్లను సిద్ధం చేయించాడు. ఆయన విశ్వాసి కూడా కాదు, రోమా అధికారి. కుర్రాడు చెప్పాడు కదా అని కొట్టిపారేసి ఉంటే?

ఒక పిల్ల "నాకు బతకాలని లేదు" అంటే అది ప్రసంగం చేసే సమయం కాదు. చనిపోవాలని ఆలోచిస్తున్నావా అని సూటిగానే అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకండి, ఇంట్లో నమ్మదగిన పెద్దవాళ్లను పిలవండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, మీ దేశంలో ఉన్న హెల్ప్‌లైన్ నంబర్ ముందే ఫోన్‌లో పెట్టుకుని ఉండండి. విశ్వాసం తక్కువై ఇలా జరిగింది అనే మాట ఎట్టి పరిస్థితుల్లోనూ అనకండి. ప్రార్థన చేయండి, మందులు ఆపమని మాత్రం చెప్పకండి.

6. నిజమైన పని అప్పగించండి

కుర్చీలు వేయడం, తీయడం, మైకు వైర్లు చుట్టడం, ఏళ్ల తరబడి ఇంతేనా? 1844లో లండన్‌లో యువకుల క్రైస్తవ సంఘం వైఎంసీఏ మొదలుపెట్టిన జార్జ్ విలియమ్స్‌కి అప్పుడు 22 ఏళ్లు, బట్టల వ్యాపారంలో పనిచేసే కుర్రాడు. 1881లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టర్ తన సంఘంలో క్రిస్టియన్ ఎండెవర్ అనే యౌవనస్థుల సొసైటీ పెట్టినప్పుడు, సభ్యులు ప్రతి మీటింగ్‌లో ఏదో ఒక విధంగా పాలుపంచుకోవాలని నియమం పెట్టారు. కూర్చుని విని వెళ్లిపోవడానికి వీల్లేదు. అది ఎన్నో దేశాలకు పాకింది.

కాబట్టి లేఖన పఠనం ఇవ్వండి, చదివే ముందురోజు కూర్చుని ఉచ్చారణ సరిచేయండి. కానుక లెక్కపెట్టేచోట ఇద్దరు పెద్దవాళ్ల పక్కన ఒక యౌవనస్థుణ్ణి కూర్చోబెట్టండి. రోగుల్ని చూడటానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి, మొదటిసారి మీరు ప్రార్థించండి, మూడోసారి వాళ్లను ప్రార్థించనివ్వండి. సంఘం కమిటీలో 25 ఏళ్ల లోపు వాళ్లకు ఇద్దరికి చోటు ఇవ్వండి, ఓటుతో సహా. ఇద్దరు ఎందుకంటే, ఒక్కళ్లే ఉంటే పెద్దవాళ్ల మధ్య నోరు పెగలదు.

తప్పు చేస్తారు. మా దగ్గర ఒక అబ్బాయికి నెల కార్యక్రమం బాధ్యత ఇస్తే హాలు బుక్ చేయడమే మర్చిపోయాడు, అందరం బయట నిలబడి ప్రార్థన చేసుకుని ఇంటికి వెళ్లాం. ఒకరిద్దరు పెద్దలు ఇక వాడికి ఏమీ ఇవ్వొద్దన్నారు. ఆ వారం నేను అపొస్తలుల కార్యములలో మార్కు సంగతి మళ్లీ చదివాను. మార్కు అనే యోహాను పంఫూలియలో పౌలును, బర్నబాను విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు, అందుకని తర్వాతి ప్రయాణానికి అతను వద్దని పౌలు, కావాలని బర్నబా, వాదన ఎంత ముదిరిందంటే ఇద్దరూ విడిపోయారు. బర్నబా ఆ కుర్రాణ్ణే వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. చాలా ఏళ్ల తర్వాత అదే పౌలు తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రా, అతను పరిచర్యకు నాకు పనికొస్తాడు అన్నాడు. మధ్యలో బర్నబా లేకపోతే ఆ వాక్యం ఉండేదా? మా అబ్బాయికి ఆ తర్వాతి నెల బాధ్యత కూడా ఇచ్చాం, ఈసారి పక్కన ఒకరిని పెట్టి, చేయాల్సిన పనుల లిస్ట్ రాయించి. రెండు వారాల ముందే హాలు రసీదు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు.

7. వాక్యం చెప్పేటప్పుడు

క్లుప్తంగా చెప్పండి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే యౌవనస్థుడు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. ఇరవై నిమిషాలు చెప్పండి, ఇరవై నిమిషాలు వాళ్లను మాట్లాడనివ్వండి. ఒక పుస్తకం మొదలుపెడితే చివరిదాకా వెళ్లండి, ప్రతివారం ప్రేమ, స్నేహం, ఫోన్ అంటూ అవే అంశాల చుట్టూ తిరిగితే వాళ్లకు బైబిల్ చదవడం మాత్రం రాదు.

8. ఊరు మారేవాళ్లు, రావడం మానేసినవాళ్లు

చదువుకో ఉద్యోగానికో వేరే ఊరు వెళ్లేవాళ్లను ప్రార్థన చేసి పంపేసి ఊరుకుంటాం. అక్కడితో చాలామంది జారిపోతారు. రోమా పత్రిక 16లో పౌలు ఫీబేను పేరు పెట్టి ఆ సంఘానికి అప్పగించాడు, చేర్చుకోండి, ఆమెకు ఏం కావాలన్నా సాయం చేయండి అని. మీరూ అంతే, వెళ్లే ఊళ్లో ఒక సంఘానికి ముందే ఫోన్ చేసి, పేరు చెప్పి, మొదటి ఆదివారం ఎవరు ఎదురొస్తారో మాట్లాడి పెట్టండి. నెల తర్వాత తోడున్న పెద్దవాళ్లు ఫోన్ చేయాలి, సెలవులకు వచ్చినప్పుడు అతిథిలా చూడకుండా పాత పనే మళ్లీ చేతికివ్వాలి.

ఇక నోట్‌బుక్‌లో ఏడాదిగా కనిపించని పేర్లు. వీళ్ల ఇళ్లకు నలుగురు కలిసి వెళ్లి "ఎందుకు రావట్లేదు" అని అడగకండి, అది విచారణలా ఉంటుంది. వాళ్లకు బాగా తెలిసిన ఒక్కరు చాలు, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్న సమయంలో వెళ్లాలి. సంఘంలో ఎవరైనా బాధపెట్టి ఉంటే వినండి, సమర్థించుకోకండి, తప్పు మనదైతే "మన్నించు" అనండి. కొందరు రారు, వాళ్ల పేర్లు కొట్టేయకండి.

పద్దెనిమిది దాటినవాళ్లయితే ముందుగా ఒక మెసేజ్ చాలు. మేము పంపేది ఇలా ఉంటుంది: "తమ్ముడూ, నేను పాటల పుస్తకాల దగ్గర ఉండే అన్నని. నిన్ను రమ్మని అడగడానికి కాదు ఈ మెసేజ్. మొన్న ఇంటర్వ్యూ ఉందని అమ్మగారు చెప్పారు, ఎలా జరిగిందో తెలుసుకుందామని. వీలున్నప్పుడు చెప్పు."